బాయికాడ దొడ్డి: వాసన రావద్దు సరే, ఎత్తేదెవరు?

పోయిన సంచికలో మామిడి మొక్కల గురించి రాస్తూ, మా బాయికాడ, అంటే పొలంలో, కట్టుకున్న కంపోస్ట్ దొడ్డి (మలాన్ని నీళ్లతో కొట్టేయకుండా ఎరువుగా మార్చే మరుగుదొడ్డి) ఎరువు వాటికి వేస్తానని మాటవరసకు ఒక వాక్యం రాశాను. మామిడి సంగతి ఒక్కరూ అడగలేదు. వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దొడ్డి మీదే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. టిఫిన్ తింటూ చదివే అలవాటున్నవాళ్లు చేయి కడుక్కున్నాక చదవండి, తర్వాత నన్ను తిట్టొద్దు.

ప్రశ్న: మాకు నర్సంపేట దగ్గర నాలుగెకరాల చెలక ఉంది, ఊరికి 2 కిలోమీటర్లు. అక్కడే రెండు గదులు వేసుకుని ఉండిపోదామని ఆలోచన. కరెంటు లైను లేదు, సోలార్ మీదే బతకాలి. బోరు ఉంది కానీ ఏప్రిల్ వచ్చేసరికి అరగంట పోసి ఆగిపోతుంది. మా అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పి, కింద కూర్చోలేదు. నేను, నా భార్య, అమ్మ, మా అబ్బాయి, మొత్తం నలుగురం. కంపోస్ట్ దొడ్డి కడతానంటే నా భార్యది ఒకటే మాట, "వాసన వచ్చిందంటే బాయికాడ నువ్వొక్కడివే ఉండు." ఎట్లా కట్టాలి? (ఒక పాఠకుడు, నర్సంపేట)

జవాబు: అన్నా, వదిన చెప్పిందాన్నే కొలతగా పెట్టుకోండి. వాసన వచ్చే కంపోస్ట్ దొడ్డి అంటే తప్పు కట్టిన దొడ్డి అనే అర్థం, అది సహజం అని సర్దుకుపోవాల్సిన పని లేదు.

వాసన ఎక్కడ పుడుతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మలం ఒక్కటే ఉంటే, దాని మీద పొడి బూడిద పడితే, రెండు మూడు రోజుల్లో ఆరిపోయి ఊరుకుంటుంది. మూత్రం ఒక్కటే మూతపెట్టిన డబ్బాలో ఉన్నా ఇబ్బంది లేదు. రెండూ కలిసి, పైన కడుక్కున్న నీళ్లు కూడా పడి, గాలి ఆడకుండా కుళ్లితేనే ముక్కు మూసుకోవాల్సి వస్తుంది. అందుకని మలం ఒక దారి, మూత్రం ఒక దారి, కడుక్కునే నీళ్లు ఒక దారి. కాగితంతో తుడుచుకునే దేశాలవాళ్లు రెండు దారులతో సరిపెట్టుకుంటారు, నెట్‌లో కనిపించే బొమ్మలు ఎక్కువగా వాళ్లవే, అవి చూసి అట్లాగే కడితే మన చెంబు నీళ్లు ఎక్కడికి పోవాలి? తమిళనాడులో తిరుచిరాపల్లి దగ్గర ముసిరిలో ఇట్లాంటి దొడ్లు చాలా కట్టారు, అక్కడ వాడేది మూడు రంధ్రాల బేసిన్. మనకు పనికొచ్చేది ఆ లెక్కే.

ఇక కట్టుబడి. నేల మీదే రెండు అరలు కట్టండి, గుంత తవ్వొద్దు. ఒక్కో అర లోపల 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. అంటే 32 ఘనపుటడుగులు, నలుగురికి ఏడాది వస్తుంది. మొదటిది నిండాక మూసేసి రెండోది వాడతారు, రెండోది నిండేలోపు మొదటిది ఎరువైపోతుంది. ఈ రెండు అరల పద్ధతి కొత్తదేం కాదు, వియత్నాంలో 1950ల నుంచి పల్లెల్లో వాడుతున్నారు. లద్దాఖ్‌లో అయితే మేడ మీద దొడ్డి, కింద గదిలో మట్టి, ఏడాదికోసారి పొలానికి తోలడం తాతల కాలం నుంచీ ఉన్న పద్ధతి.

అరల అడుగున కాంక్రీటు వేసి, చుట్టూ ఉన్న నేలకన్నా అర అడుగు ఎత్తులో ఉంచండి, వానాకాలం నీళ్లు లోపలికి రాకూడదు. నాలుగున్నర అంగుళాల గోడలకు దాదాపు 350 ఇటుకలు పడతాయి, మధ్య గోడ మాత్రం 9 అంగుళాలు కట్టించండి కాబట్టి మొత్తం 400 అనుకోండి. వెనక వైపు ఒక్కో అరకు ఒక తలుపు, రేకుది చాలు, నల్ల రంగు వేసి దక్షిణం వైపో పడమర వైపో ఉండేట్టు చూసుకోండి. మన ఎండాకాలం 44 డిగ్రీల ఎండ ఊరికే పోతుంది కదా, దాన్ని ఇక్కడ పనిలో పెట్టొచ్చు.

అమ్మగారి సంగతికి వద్దాం. నేల మీద అరలు అంటే పైకి మెట్లు తప్పవు, ఈ లెక్కకు 5 మెట్లు. మోకాళ్ల నొప్పి మనిషికి రాత్రిపూట 5 మెట్లు అంటే శిక్షే. మీది చెలక అంటున్నారు కాబట్టి ఏదో ఒక వైపు గట్టో, ఒడ్డో ఉండి ఉంటుంది. ఆ గట్టుకు ఆనించి కట్టండి. పై వైపు నుంచి నేల మీద నడిచినట్టే దొడ్లోకి వెళ్లిపోతారు, అరల తలుపులు దిగువ వైపు ఉంటాయి. గట్టు వైపు గోడకు మాత్రం బాగా ప్లాస్టరింగ్ చేయించాలి, లేకపోతే చెమ్మ లోపలికి ఊరుతుంది. గట్టు లేనేలేదంటే మెట్లు వెడల్పుగా, ఒక్కోటి 6 అంగుళాలకు మించకుండా, రెండు వైపులా పట్టుకునే పైపు పెట్టి కట్టించండి.

లోపల బేసిన్ వద్దు, బెంచీ కట్టండి. నేల నుంచి 17, 18 అంగుళాల ఎత్తు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. బెంచీకి మూడు రంధ్రాలు: ఎడమది ఎడమ అర మీద, కుడిది కుడి అర మీద, మధ్యది సరిగ్గా మధ్య గోడ మీద. మధ్య రంధ్రం కడుక్కోవడానికి. దాని కింద ఒక పాత సింక్ బిగించి 3 అంగుళాల పైపు మధ్య గోడ మీదుగా బయటికి తీసేయాలి. ఈ ఏడాది ఎడమ రంధ్రం వాడితే కుడిది మూసి ఉంటుంది, వచ్చే ఏడాది తారుమారు, మధ్యది మాత్రం ఎప్పుడూ అదే. అమ్మగారు పని అయ్యాక లేవాల్సిన పని లేదు, గోడకున్న కడ్డీ పట్టుకుని ఒక్క జానెడు పక్కకు జరిగితే చాలు. మా ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చింది ఈ ఒక్క ఏర్పాటే, మిగతాదంతా నా పిచ్చి అనుకుంటారు. గొంతుకూర్చుంటే తప్ప రాదనేవాళ్లకు కాళ్ల కింద ఒక 8 అంగుళాల పీట వేయండి, మోకాళ్లు పైకి లేస్తాయి, అదే ఫలితం. నాకు అలవాటు కావడానికి ఒక నెల పట్టింది.

మూత్రం కోసం, కూర్చునే రంధ్రానికి ముందు భాగంలో ఒక గరాటు లాంటిది ఉండాలి. 5 లీటర్ల నూనె క్యాన్‌ను ఏటవాలుగా కోసి, అంచులు దీపం మీద కాస్త కాల్చి మెత్తగా చేసి బిగిస్తే సరిపోతుంది. ఎదురుగా గోడకు మగవాళ్ల కోసం విడిగా ఒక యూరినల్ పెట్టేయండి, ఎందుకంటే గురి తప్పేది వాళ్లే. పైపు 2 అంగుళాలది వాడండి, సన్నపు పైపులో తెల్లగా గార పేరుకుని ఏడాదిలో మూసుకుపోతుంది. ఎక్కడా 90 డిగ్రీల ఎల్బో లేకుండా, వాలు బాగా ఉండేట్టు, బయట నీడలో ఉన్న 20 లీటర్ల క్యాన్‌లోకి. పైపు కొస క్యాన్ అడుగు దాకా పోవాలి, అప్పుడే కొస మునిగి ఉండి వాసన వెనక్కి తన్నదు. నెలకోసారి వేడినీళ్లలో కాస్త వెనిగర్ కలిపి పోస్తే గార కరుగుతుంది.

గాలి గొట్టం గురించి మేస్త్రీతో గొడవపడాల్సి వస్తుంది, ముందే చెబుతున్నా. 6 అంగుళాల పైపు, నల్ల రంగు, అర నుంచి పైకప్పు దాటి ఇంకో 2 అడుగులు పైకి, నిటారుగా, ఒక్క వంపు లేకుండా. పైన దోమల జాలీ. ఎండకు పైపు వేడెక్కితే లోపలి గాలి పైకి లాగుతుంది, దొడ్లోని గాలి రంధ్రంలోంచి కిందికి పోతుంది, అంటే మనం కూర్చున్న చోట వాసన ఉండదు. ఫ్యాన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మా మేస్త్రీ అందం కోసమని రెండు వంపులు పెట్టాడు, నేను ఊళ్లో లేను. ఆర్నెల్లు గాలి లాగక, వచ్చిన చుట్టాలందరి దగ్గరా మాట పడ్డాను. తర్వాత వంపులు తీసేయిస్తే మర్నాటికే తేడా తెలిసింది.

సుఖం అన్నది ఇంకా చిన్న విషయాల్లో ఉంటుంది. లోపల కనీసం 4 అడుగుల వెడల్పు, కూర్చుంటే చెలక కనిపించే కిటికీ, సోలార్ బల్బు, స్విచ్చి చీకట్లో చేతికి తగిలే చోట, చెంబుకొక గూడు, ఫోను పెట్టుకోవడానికి చిన్న సజ్జ. తలుపు కింద సందు ఉండనివ్వకండి, తేళ్లు, పాములు చల్లదనానికి వస్తాయి. వీటికి పెద్ద ఖర్చు కాదు కానీ వదిన మనసు మారేది వీటితోనే.

వాడటం మొదలుపెట్టే రోజు అర లోపల కింద ఆరంగుళాల మందం ఎండుటాకులు, వరిగడ్డి పరవండి. ప్రతిసారీ వెళ్లాక రెండు కొబ్బరి చిప్పల పొడి సరుకు మలం కనపడకుండా వేయాలి. ఏ సరుకు అంటే, రెండు బకెట్లు రంపపు పొట్టో ఊకో, ఒక బకెట్ కట్టెల బూడిద, ఒక బకెట్ జల్లెడ పట్టిన ఎండు మట్టి కలిపి పెట్టుకోండి. ఎండాకాలంలోనే బస్తాలు నింపి కొట్టంలో పెట్టుకోవాలి, జులైలో పొడి సరుకు ఎక్కడా దొరకదు.

ప్రశ్న: మాది పరకాల దగ్గర రేగడి భూమి. మా ఆయన రింగులు దింపి గుంత దొడ్డి చాలు అంటున్నారు, సర్కారు కట్టించినవీ అవే కదా అని. మాకు వ్యవసాయ బావిలో నీళ్లు బాగానే ఉన్నాయి. ఏది మేలు? (ఒక పాఠకురాలు, పరకాల)

జవాబు: అక్కా, నీళ్లు బాగా ఉన్నాయంటున్నారు, మీది నీళ్లింకే చెలక నేల అయ్యుంటే రెండు గుంతల దొడ్డే కట్టుకోమనేవాణ్ణి. కంపోస్ట్ దొడ్డి నాకు ఇష్టమని అందరి మీదా రుద్దను. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ కింద పల్లెల్లో ఇంటికి 12 వేలు ఇచ్చి కట్టించమన్నది ఆ రెండు గుంతల నమూనానే. ఒక గుంత నిండగానే దారి మళ్లించి రెండోది వాడటం, మొదటిది ఏడాది, ఏడాదిన్నర మూసి ఉంచితే లోపలిది నల్లటి పొడి మట్టి అయిపోవడం. మన గీసుకొండ మండలం గంగదేవిపల్లిలో 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఆ ఎరువు ఎత్తారు, 23 రాష్ట్రాల అధికారులు వెంట ఉన్నారు. ఆ నెలలోనే ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఆ మాట చెప్పారు. ఐఏఎస్ అధికారి ఎత్తగా లేనిది మనం ఎత్తలేమా అని అప్పట్లో మా ఊళ్లో పెద్ద చర్చే జరిగింది, ఎత్తినవాళ్లు మాత్రం తక్కువ.

కానీ మీది రేగడి. గుంత దొడ్డి పనిచేయాలంటే నీళ్లు గోడల్లోంచి మట్టిలోకి ఇంకాలి. రేగడి వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోతుంది, ఇంకదు. ఎండాకాలం నెర్రెలు బారుతుంది, ఆ నెర్రెల్లోంచి ఎటు పోతుందో చెప్పలేం. ఆగస్టులో గుంత నీళ్లతో నిండి బేసిన్‌లో నీళ్లు దిగకపోవడం మీ చుట్టుపక్కల చూసే ఉంటారు. పైగా తాగే బావికి దొడ్డి కనీసం 15 మీటర్ల దూరంలో, దిగువన ఉండాలి. కాబట్టి మీకు నేల మీద అరలదే మేలు. కడుక్కునే నీళ్లు, స్నానం నీళ్లు మాత్రం బయటికి తీసి కంకర, ఇసుక పోసిన కాలువలోకి వదిలి, రెండు అరటి చెట్లు, మెట్టతామర పెట్టండి, రేగడి అయినా ఆ కొద్ది నీళ్లు అవే తాగేస్తాయి.

మీ ఆయన వినకుండా రింగులే దింపుతారంటే ఒక్కటి చూసుకోండి. చాలాచోట్ల మేస్త్రీలు రెండు గుంతల్ని వరసగా ఒకదాన్నుంచి ఒకదానికి పైపు వేసి కలిపేస్తారు. అట్లా చేస్తే రెండూ ఒకేసారి పచ్చిగా నిండుతాయి, రెండు గుంతలు కట్టి లాభం లేదు. మధ్యలో ఛాంబర్ ఉండాలి, ఒక దారి తెరిచి ఒక దారి మూసి ఉండాలి.

ప్రశ్న: రెండు నెలల కింద నేనే ఒక ప్లాస్టిక్ డ్రమ్ముతో కంపోస్ట్ దొడ్డి తయారుచేసిన. ఊక వేస్తున్నా. అయినా ఘాటు వాసన, లోపల తెల్ల పురుగులు లుకలుకలాడుతున్నాయి. ఫినాయిల్ పోస్తే ఆగుతాయా? (ఒక పాఠకుడు, జమ్మికుంట)

జవాబు: ఫినాయిల్ వద్దు తమ్ముడూ, బ్లీచింగ్ అసలే వద్దు. కుళ్లబెట్టే సూక్ష్మజీవుల్ని చంపేసి ఎరువు కావాలంటే ఎట్లా అవుతుంది?

కళ్లు మండే ఘాటు అంటే అమ్మోనియా, అంటే మూత్రం డ్రమ్ములోకే పోతోంది. ముందు దాన్ని విడదీయండి. తర్వాత ఊక. మన దగ్గర మిల్లుల పుణ్యమా అని దొరికేది అదే కాబట్టి అందరూ అదే వాడతారు కానీ, ఊక నీళ్లు పీల్చదు, తొందరగా కుళ్లదు, దాన్లో ఇసుక లాంటి సిలికా ఎక్కువ. ఒట్టి ఊక వేస్తే మలం మీద పైపైన దుప్పటి కప్పినట్టు ఉంటుంది, పక్కన సందుల్లోంచి ఈగ దూరుతుంది. రంపపు పొట్టు, బూడిద, పొడి మట్టి కలపండి. మిల్లు బాయిలర్ బూడిద తెచ్చుకునేవాళ్లు పూర్తిగా చల్లారిందో లేదో చూసుకోండి, లోపల నిప్పు రోజుల తరబడి ఉంటుంది, పొట్టులో కలిపితే దొడ్డే అంటుకుంటుంది.

పురుగులు ఈగలవి. కొన్నిసార్లు అర అంగుళం పైన ఉండి, గోధుమ రంగులో, చదునుగా ఉండే పురుగులు వస్తాయి, అవి సోల్జర్ ఫ్లై పురుగులు, మలాన్ని తినేసి సగం చేస్తాయి, వాటిని అట్లాగే వదిలేయొచ్చు. మామూలు తెల్లవైతే రెండు రోజులు వరసగా బూడిద గట్టిగా చల్లండి, మూత సందు లేకుండా పెట్టండి, గాలి గొట్టానికి జాలీ ఉందో లేదో చూడండి.

నాకు వానాకాలంలో ఒకసారి ఇట్లాగే అయింది, కారణం వేరు. వెనక తలుపు మీద చూరు చిన్నగా ఉండి జల్లు లోపలికి కొట్టింది, అరంతా అంబలి అయింది. చెప్పుకోవడానికి సిగ్గే కానీ ఆ వారం రోజులు పక్కింటివాళ్ల బాయికాడికి పోయి పని కానిచ్చుకున్నాం. రెండు బస్తాల పొట్టు, ఒక బస్తా ఎండుటాకులు వేసి పొడుగు కర్రతో కలిపితే పది రోజులకు దారికొచ్చింది. తర్వాత తలుపు మీద రెండడుగుల రేకు దింపించాను. లోపలి సరుకును చేతొడుగు వేసుకుని పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. అంతకన్నా ఎక్కువ కారితే పొడిది వేయాలి. మే నెలలో మాత్రం దీనికి ఉల్టా, పొయ్యిలో పెట్టినట్టు ఎండిపోతుంది, ఎండితే సూక్ష్మజీవులు పనిచేయవు. దానికి కంగారేం లేదు, బయటికి తీశాక పేడనీళ్లు చల్లి కుప్ప వేస్తే మళ్లీ మొదలవుతుంది.

ప్రశ్న: ఈ ఎరువు మిర్చికి వేయొచ్చా? కూరగాయలకు? మూత్రం యూరియాకు బదులు పోయొచ్చని ఎవరో చెప్పారు, నిజమేనా? అమ్మేటప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? (ఒక యువరైతు, ములుగు)

జవాబు: మూత్రం సంగతి ముందు. మన తిండి తినే ఒక మనిషి మూత్రంలో ఏడాదికి పోయే నత్రజని రెండు కిలోల పైచిలుకు. యూరియా లెక్కలో సుమారు 5 కిలోలు. నలుగురున్న ఇంటికి 20 కిలోలు, 45 కిలోల బస్తాలో సగం కూడా కాదు. ఎకరం మిర్చికి ఏ మూలకూ రాదు. యూరియా కోసం లైన్లో చెప్పులు పెట్టి నిలబడే బాధ దీంతో తీరుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. పెరట్లో పది చెట్లకు మాత్రం పుష్కలం. ఒక పాలు మూత్రానికి 5 నుంచి 10 పాళ్ల నీళ్లు కలిపి, ఆకుల మీద పడకుండా, పాదు చుట్టూ చిన్న కాలువ తీసి పోసి మట్టి కప్పాలి. కప్పకపోతే నత్రజని గాల్లో కలిసిపోతుంది, వాసన మనకు మిగులుతుంది. డ్రిప్పులో పోయకండి, గార పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. మన ఇంటి మూత్రం మన పెరటి పంటకే అయితే కోతకు నెల ముందు ఆపేస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల్లో ఉంది. పలు ఇళ్లది కలిపితే క్యాన్లలో ఆర్నెల్లు నిల్వ ఉంచాలి.

మలం ఎరువు దగ్గర తొందరపడొద్దు. భయపడాల్సింది ఏలికపాము గుడ్లకు. మిగతా రోగక్రిములు నెలల్లో చస్తాయి కానీ ఆ గుడ్లు మొండివి, తడి మట్టిలో ఏళ్లు బతుకుతాయి. మన దగ్గర పిల్లలకు బడిలో, అంగన్‌వాడీలో ఫిబ్రవరిలో, ఆగస్టులో ఆల్బెండజోల్ మాత్రలు మింగించేది వీటివంటి నట్టల కోసమే. మనలాంటి వేడి ప్రాంతంలో ఏడాదికి పైగా నిల్వ ఉంచాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. బూడిద, సున్నం బాగా పడి ఉంటే ఆర్నెల్లు దాటినా చాలంటాయి, నేను మాత్రం చివరిసారి వేసిన రోజు నుంచి పూర్తి ఏడాది లెక్కపెడతాను. తర్వాత బయటికి తీసి పేడ, పచ్చి కానుగాకు కలిపి మూడడుగుల ఎత్తున కుప్ప వేస్తే లోపల వేడెక్కుతుంది. 55 డిగ్రీల వేడి కుప్పంతటికీ కొన్ని రోజులు తగిలితే గుడ్లు కూడా చస్తాయి. అంచుల్లో ఆ వేడి రాదు, అందుకే రెండుసార్లు తిరగేయాలి.

అంత చేసినా నేను మామిడి, సపోటా, టేకు పాదులకే వేస్తాను. ఉల్లిగడ్డ, ముల్లంగి, కొత్తిమీర, పాలకూర లాంటి పచ్చిగా తినేవాటికీ, నేలను అంటుకుని పెరిగేవాటికీ వేయను. మిర్చి కల్లంలో నేల మీదే ఆరబోస్తాం, తర్వాత ఎనుమాముల మార్కెట్‌కు తోలుతాం, ఎవరెవరి వంటింట్లోకో పోతుంది. వేయకండి తమ్ముడూ. అప్పుడు అడిగితే ఏం చెప్పాలన్న టెన్షనే ఉండదు. పత్తికి వేసుకోవచ్చు, అయితే మన ఏడాది ఎరువు రెండు మూడు సాళ్లకు మించి రాదు.

ప్రశ్న: హనుమకొండకు దగ్గర్లో మాకు ఫామ్‌హౌస్ ఉంది, వీకెండ్‌కు అతిథులకు అద్దెకు ఇద్దామనుకుంటున్నాం. ఎకో టాయిలెట్ అంటే సిటీవాళ్లకు కొత్తగా ఉంటుంది. క్లీనింగ్‌కు ఊళ్లో ఎవరినైనా మాట్లాడుకుంటే సరిపోతుందా? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: ఊళ్లో "ఎవరినైనా" అంటే ఎవరి వాడకు వెళ్లి అడుగుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సరిపోదు.

పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం పూర్తిగా కుళ్లి మట్టి కాకముందే మలాన్ని మనిషి చేత్తో ఎత్తించడం నేరం, అట్లా ఎత్తాల్సివచ్చే దొడ్డి కట్టడం కూడా నేరమే. బకెట్ నిండగానే తీసుకెళ్లి పారబోయించే పద్ధతి మీ ఫామ్‌హౌస్‌లో పెడితే దానికి ఎకో అని పేరు పెట్టినా అది పాత పాకీదొడ్డే. రెండు అరలు కట్టి, ఏడాది మూసిపెట్టి, మట్టి అయ్యాక తీసేదైతే చట్టంతో పేచీ లేదు. కానీ ఆ మట్టి తీసే పని మీరే చేయండి. ఏడాదికి ఒక పూట పని. పార, తట్ట, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, కాళ్లకు బూట్లు. నేను ఏటా మే నెలలో పొద్దున 6 గంటలకు మొదలుపెడితే ఎండ ముదిరేలోపు అయిపోతుంది. మొదటి ఏడాది కడుపులో తిప్పుతుందేమోనని టీ కూడా తాగకుండా దిగాను. తలుపు తీస్తే వానకు తడిసిన అడవి మట్టి వాసన. ఒక్క చెంచా మాత్రం కనిపించింది, మా వాడిది, ఎట్లా పడిందో ఇప్పటికీ చెప్పడు.

నేనే ఎత్తాలి అని తెలిసినప్పుడే అర తలుపు వెడల్పుగా పెట్టించాను, లోపల మూలలు గుండ్రంగా తిప్పించాను, ముందు చదునైన చోటు వదిలాను. ఎవరో ఎత్తుతారులే అనుకున్న దొడ్లకు వెనక మనిషి వంగడానికి కూడా జాగా ఉండదు, వెళ్లి చూడండి.

ఇంకో మాట, వీకెండ్‌కు 20 మంది వచ్చి పోయే చోటికి నలుగురి కోసం కట్టిన అరలు చాలవు, వచ్చినవాళ్లు బూడిద వేయరు, మూత్రం గురి చూడరు. మీకు నీళ్లు, కరెంటు ఉంటే మామూలు సెప్టిక్ ట్యాంకే పద్ధతిగా కట్టించి, సమయానికి ట్యాంకర్‌తో తీయించి, శుద్ధి చేసే ప్లాంటుకే వెళ్తోందో లేదో అడగండి. చెరువులో వదిలే ట్యాంకర్లు ఉంటాయి, ఆ పాపం మీ ఖాతాలో వేసుకోకండి.

ప్రశ్న: ప్యాడ్లు, పిల్లల డైపర్లు దీంట్లో వేయొచ్చా? జ్వరాలు, విరేచనాలు అయినప్పుడు? దావత్‌కు చుట్టాలొస్తే? (ఒక పాఠకురాలు, జనగామ)

జవాబు: ప్యాడ్లు, డైపర్లు వద్దక్కా, వాటిలో ప్లాస్టిక్ ఉంటుంది, ఏడాది తర్వాత కూడా అట్లాగే బయటికొస్తాయి. లోపల మూత ఉన్న డబ్బా ఒకటి విడిగా పెట్టండి. గుడ్డ ప్యాడ్లు వాడేవాళ్లకు ఆ గొడవ లేదు.

విరేచనాలప్పుడు రెండింతలు బూడిద వేయండి, అంతే. అయితే కలరా, టైఫాయిడ్ లాంటిది డాక్టరు చెప్పి ఉంటే ఆ అరకు చివరిసారి వేసిన రోజు నుంచి పూర్తి ఏడాది లెక్క కచ్చితంగా పాటించండి, ఆర్నెల్లకే తీయొద్దు.

దావత్‌కు పదిమంది వస్తే బెంచీ ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, మేం రాసింది ఇది: "ముందు కూర్చోండి, తర్వాత జరగండి, చివర రెండు చిప్పలు వేయండి." చదువురాని వాళ్లకు పిల్లలు చూపిస్తారు, వాళ్లకు అదొక ఆట. కల్లు దావత్ అయితే మగవాళ్లను మాత్రం చెట్ల దగ్గరికే పంపండి.